పాత పీఎల్‌సీలో కమ్యూనికేషన్ కార్డు మార్చాలా? విప్పే ముందు వినండి

ప్యానెల్ తలుపు తీస్తే, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) రాక్‌లో ఓ చివరి స్లాట్‌లో ఉంటుంది, దాన్ని మిగతా పరికరాలతో మాట్లాడించే కమ్యూనికేషన్ కార్డు. ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. పచ్చ లైటు మినుకుమినుకుమంటున్నంత కాలం అలాంటి కార్డు ఒకటుందని కూడా ఎవరికీ గుర్తుండదు. ఒకరోజు ఆ లైటు ఎర్రబడుతుంది. లేదంటే 'ఈ మోడల్ ఇక తయారు చేయం' అని కంపెనీ నుంచి కబురొస్తుంది. పని మీ నెత్తిన పడుతుంది.

పాత కార్డు విప్పి కొత్తది బిగించడానికి అరగంట చాలు. ఆ పాతది ఇన్నేళ్లుగా ఎవరితో మాట్లాడుతోంది, ఏ వేగంతో మాట్లాడుతోంది, అవతలి పరికరం పలకకపోతే ఏం చేస్తోంది అన్నది తెలుసుకోవడానికే రోజులు పడుతుంది. డ్రాయింగుల్లో ఇందులో సగమే దొరుకుతుంది. మిగతా సగం లైను మీదే వినాలి. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు చేయాల్సిన పని గురించే.

ఒక హెచ్చరిక ముందే చెప్పేస్తాను. మీ ప్లాంటులో ట్రిప్ సిగ్నల్ (ప్రమాదం వస్తే యంత్రాన్ని ఆపేసే సంకేతం) గానీ, మనుషుల ప్రాణాలు కాపాడే ఇంటర్‌లాక్ గానీ ఈ లైను మీదుగా వెళ్తుంటే ఇక్కడే ఆగండి. దానికి ఐఈసీ 61511 లాంటి ఫంక్షనల్ సేఫ్టీ ప్రమాణాల ప్రకారం వేరే పద్ధతి ఉంటుంది, దాన్ని చూసే ఇంజినీర్లు ఉంటారు. ఇక్కడ చెప్పేది మామూలు కంట్రోల్, మానిటరింగ్ లైన్ల సంగతి.

1. అసలు పాతబడింది ఏది?

'కమ్యూనికేషన్ పాతబడిపోయింది' అనే మాట వెనక మూడు వేర్వేరు సంగతులుంటాయి. కార్డు దొరకకపోవడం ఒకటి. కార్డు దొరికినా ఆ నెట్‌వర్కే కనుమరుగవడం రెండోది. అలెన్ బ్రాడ్లీ కంపెనీ పీఎల్‌సీ-5 కాలం నాటి డేటా హైవే ప్లస్ అలాంటిదే. పీఎల్‌సీ-5 అమ్మకాలు 2017లో ఆగిపోయాయి గానీ ఆ నెట్‌వర్క్ నీలం కేబుల్ ఇంకా చాలా ప్యానెళ్లలో బతికే ఉంది. మూడోది, కార్డు బాగానే ఉన్నా దాన్ని కాన్ఫిగర్ చేసే సాఫ్ట్‌వేర్ ఏ డాస్ ల్యాప్‌టాప్ మీదో, విండోస్ ఎక్స్‌పీ మీదో తప్ప నడవకపోవడం. ఈ మూడోదానికి కార్డు మార్చడం మందు కాదు. ముందు ఆ పాత ల్యాప్‌టాప్‌ను కాపాడుకోవాలి.

ఏది పాతబడిందో తేలాక మీ ముందు నాలుగు దారులుంటాయి: అదే కార్డు స్పేర్ వెతకడం, అదే కుటుంబంలోని కొత్త కార్డు వేయడం, మధ్యలో గేట్‌వే (ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే పెట్టె) పెట్టడం, లేదా సీపీయూతో సహా మొత్తం మార్చేయడం. నాలుగోదానికి బడ్జెట్ దొరికితే మీ అదృష్టం. చాలామందికి దొరకదు.

స్పేర్ తెస్తే దాని మీది సీరీస్ అక్షరం, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ పాతదానితో పోల్చి చూడండి. పార్ట్ నంబరు ఒకటే అయినా సీరీస్ మారితే ప్రవర్తన మారవచ్చు. పదేళ్లు అరలో ఉన్న కార్డును కొత్తదని నమ్మకండి. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వాడకపోయినా పాడవుతాయి. టేబుల్ మీద రెండు మూడు రోజులు నడిపి చూశాకే దాన్ని స్పేర్ అనండి.

2. ముట్టుకోకముందు రాసిపెట్టుకోండి

ఫోన్ తీసి ఫోటోలు కొట్టండి. కార్డు ముందు భాగం, లైట్లు వెలిగే తీరు (దీనికి వీడియో మేలు), ప్రతి కేబుల్ మీది నంబరు, ఏ వైరు ఏ టెర్మినల్‌లో ఉందో, టెర్మినేషన్ రెసిస్టర్ (లైను చివర పెట్టేది) ఎక్కడుందో అన్నీ. కార్డు పక్కనుండే డిప్ స్విచ్‌లు, జంపర్లు (సెట్టింగులు ఎంచుకునే బుల్లి మీటలు, పిన్నులు) కార్డును బయటికి తీస్తే గానీ కనబడవు. వాటి ఫోటో షట్‌డౌన్ రోజు తీయాలి. మర్చిపోతారు కాబట్టి చెక్‌లిస్టులో మొదటి వరుసలో రాసుకోండి.

తర్వాత ప్రోగ్రామ్ బ్యాకప్. పీఎల్‌సీ నుంచి అప్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందనుకోవద్దు. చాలా పాత పీఎల్‌సీలు కామెంట్లను, ట్యాగ్ పేర్లను తమలో దాచుకోవు. అవి ఎప్పుడో ఎవరో రాసిన కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఆ ఫైలు దొరికితే దాన్ని పీఎల్‌సీలోని ప్రోగ్రామ్‌తో పోల్చి చూడండి. రెండూ అచ్చంగా ఒకేలా ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. తేడా ఉంటే పీఎల్‌సీలో ఉన్నదే నిజం.

బ్యాటరీ సంగతి మరీ ముఖ్యం. చాలా పాత సీపీయూల్లో ప్రోగ్రామ్ ర్యామ్‌లో ఉంటుంది, దాన్ని బతికించేది ఓ చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు, ప్యానెల్‌కు ఎప్పుడూ పవర్ పోలేదు కాబట్టి ఎవరికీ తెలిసి ఉండదు. కార్డు మార్చడానికి మీరు మెయిన్ స్విచ్ ఆపుతారు, ప్రోగ్రామ్ గాల్లో కలిసిపోతుంది. బ్యాటరీ లైటు చూడండి, వోల్టేజీ కొలవండి. మార్చాల్సి వస్తే మాన్యువల్ చెప్పిన పద్ధతిలో, సాధారణంగా పవర్ ఆన్‌లో ఉండగానే మార్చండి.

3. లైను మీద చెవి పెట్టండి

ఇక్కడ తొందరపడకండి.

ఉదాహరణకు మోడ్‌బస్ ఆర్‌టీయూ తీసుకుందాం, పరికరాలు సీరియల్ లైను మీద మాట్లాడుకునే భాష అది. మోడికాన్ కంపెనీ దీన్ని 1979లో తెచ్చింది, ఇప్పటికీ ఎక్కడ చూసినా అదే. ఆర్‌ఎస్-485 అనే రెండు వైర్ల లైను మీద వినాలంటే ఐసొలేషన్ (విద్యుత్ పరంగా వేరుచేసే ఏర్పాటు) ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ ఒకటి తీసుకుని రెండు వైర్లకూ సమాంతరంగా కలపండి. కన్వర్టర్‌లో టెర్మినేషన్, బయాస్ (ఖాళీ లైనును స్థిరంగా ఉంచే రెసిస్టర్లు) ఆఫ్ చేసి ఉండాలి, లేకపోతే వినడానికి వెళ్లి మీరే లైను పాడుచేస్తారు. వాడే సాఫ్ట్‌వేర్ కేవలం వినేదై ఉండాలి. పొరపాటున మాస్టర్ (లైను మీద ప్రశ్నలు అడిగేది) సిమ్యులేటర్ నడిపితే లైను మీద ఇద్దరు మాస్టర్లు అవుతారు. నడుస్తున్న ప్లాంటులో ఆ గొడవ ఎలా ఉంటుందో అనుభవంతో తెలుసుకోనక్కర్లేదు.

వింటే ఇలాంటి వరుస కనబడుతుంది:

02 03 00 00 00 04, ఆ తర్వాత రెండు బైట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ సంఖ్య).

అంటే రెండో నంబరు పరికరాన్ని, ఫంక్షన్ 3తో, సున్నా నుంచి మొదలుపెట్టి నాలుగు హోల్డింగ్ రిజిస్టర్లు (విలువలు దాచే గదులు) ఇమ్మని అడుగుతున్నారు. మాన్యువల్‌లో ఇదే 40001 అని ఉంటుంది. మాన్యువల్ లెక్క ఒకటి నుంచి, లైను మీద లెక్క సున్నా నుంచి. కొత్త కార్డు కాన్ఫిగరేషన్‌లో ఈ రెండింటిలో ఏది అడుగుతున్నారో చూసుకోకపోతే ప్రతి రీడింగూ పక్కింటిది వస్తుంది. ప్రెషర్ చోట టెంపరేచర్ వస్తే కనిపెట్టేస్తాం. ఒకేలాంటి పన్నెండు టెంపరేచర్లు వరుసగా ఉన్నచోట ఒక స్థానం జరిగితే వారాల తరబడి ఎవరూ గమనించరు.

సమయం కూడా లెక్కేయండి. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో అక్షరానికి (బైటుకు) 11 బిట్లు, అంటే సుమారు 1.15 మిల్లీసెకన్లు. పైన ఉన్న ప్రశ్న మొత్తం 8 బైట్లు, దాదాపు 9 మిల్లీసెకన్లు. జవాబు 13 బైట్లు, 15 మిల్లీసెకన్లు. రెండు ఫ్రేముల (సందేశాల) మధ్య కనీసం మూడున్నర అక్షరాల నిశ్శబ్దం, అంటే 4 మిల్లీసెకన్లు. మీ యూఎస్‌బీ కన్వర్టర్ చూపే టైమ్‌స్టాంపులను మాత్రం ఇంత నిక్కచ్చిగా నమ్మకండి. కొన్ని కన్వర్టర్లు మామూలు సెట్టింగులో 16 మిల్లీసెకన్ల దాకా డేటాను పోగుచేసి ఒకేసారి ఇస్తాయి.

పది నిమిషాలు విని సరిపెట్టుకోవద్దు. కనీసం ఒక పూర్తి ఉత్పత్తి చక్రం రికార్డు చేయండి. బ్యాచ్ మొదలైనప్పుడు మాత్రమే వెళ్లే రెసిపీ, షిఫ్ట్ మారినప్పుడు రీసెట్ అయ్యే కౌంటర్, అర్ధరాత్రి ఒక్కసారి జరిగే గడియారం సర్దుబాటు, ఇలాంటివన్నీ పగటిపూట పది నిమిషాల్లో దొరకవు. ఈథర్‌నెట్ లైన్లయితే మేనేజ్డ్ స్విచ్‌లో మిర్రర్ పోర్టు (డేటా నకలు ఇచ్చే పోర్టు) పెట్టి వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇదే పని చేయొచ్చు.

విన్నదంతా ఒక పట్టికలో పెట్టండి: పరికరం నంబరు, ఫంక్షన్, రిజిస్టర్లు, ఎంత సేపటికోసారి, టైమ్‌అవుట్ (జవాబు కోసం ఆగే సమయం) ఎంత, ఎన్నిసార్లు మళ్లీ అడుగుతోంది. చివర ఇంకో గడి: జవాబు రాకపోతే ప్రోగ్రామ్ ఏం చేస్తోంది. ఇది ల్యాడర్ లాజిక్ (పీఎల్‌సీలోని ప్రోగ్రామ్) చదివి నింపాలి. పంపు ఆగుతుందా, చివరి విలువతోనే నడుస్తుందా, అలారం వస్తుందా? ఈ గడి ఖాళీగా ఉన్నంతవరకు కార్డు మార్చడానికి మీరు సిద్ధంగా లేనట్టే.

4. కేబుల్‌ను కూడా అనుమానించండి

సగం 'కార్డు పోయింది' కేసుల్లో పోయింది కార్డు కాదు. లైను మొత్తం పవర్ ఆపి, ఆర్‌ఎస్-485 రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటే 60కి దగ్గరగా చూపాలి. 120 చూపితే ఒక చివర లేదు. 40 చూపితే ఎవరో మధ్యలో మూడోది పెట్టారు. ప్రొఫీబస్ అనే ఇంకో నెట్‌వర్క్ లెక్క వేరు. అక్కడ ఒక్కో చివర 390, 220, 390 ఓమ్‌ల మూడు రెసిస్టర్లు ఉంటాయి, వాటికి పరికరం నుంచి 5 వోల్టులు అందాలి. అంటే లైను చివర ఉన్న పరికరం పవర్ ఆపితే టెర్మినేషన్ కూడా పోయినట్టే. దాని కేబుల్ పొడవు కూడా వేగంతో ముడిపడి ఉంటుంది: 93.75 కిలోబిట్ల దగ్గర 1200 మీటర్లు, 1.5 మెగాబిట్ల దగ్గర 200, 12 మెగాబిట్లకు వెళ్తే 100 మీటర్లే. కొత్త కార్డు వేగంగా నడవగలదు కదా అని వేగం పెంచకండి. పాత కేబుల్‌కి ఆ సంగతి తెలియదు.

ఇంకో మాట: ఒక కంపెనీ ఏ అని రాసిన వైరును ఇంకో కంపెనీ బీ అంటుంది. కొత్త కార్డు అసలు ఏమీ మాట్లాడకపోతే గంటలు గంటలు సెట్టింగులతో కుస్తీ పట్టకముందు ఆ రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి చూడండి. దీనివల్ల కార్డు కాలిపోదు.

5. టేబుల్ మీద పెళ్లిచూపులు

కొత్త కార్డును నేరుగా ప్యానెల్‌లో పెట్టకండి. ఓ స్పేర్ రాక్ గానీ, పవర్ సప్లై గానీ టేబుల్ మీద పెట్టి, ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ నడిపి, మీరు రికార్డు చేసిన ప్రశ్నలూ జవాబులూ దానికి చూపించండి.

మొదట పారిటీ (ప్రతి అక్షరంతో వెళ్లే తనిఖీ బిట్) చూడండి. మోడ్‌బస్ ఆర్‌టీయూ ప్రమాణం ప్రకారం డీఫాల్ట్ ఈవెన్ పారిటీ. పారిటీ లేకపోతే రెండు స్టాప్ బిట్లు ఉండాలి. బయట మాత్రం పారిటీ లేకుండా ఒకే స్టాప్ బిట్‌తో నడిచే పరికరాలు కోకొల్లలు. పాత కార్డు ఏది వాడుతోందో అదే పెట్టండి. ప్రమాణం ఏం చెప్పిందని ఇప్పుడు వాదించే సమయం కాదు.

తర్వాత దశాంశ విలువలు. 50.0 అనే విలువ లైను మీద 42 48 00 00 అని నాలుగు బైట్లుగా, రెండు రిజిస్టర్లలో వస్తుంది. కొత్త కార్డు ఆ రెండు రిజిస్టర్లనూ తిరగేసి చదివితే 00 00 42 48 అవుతుంది. దాని విలువ ఎంత చిన్నదంటే స్క్రీన్ మీద 0.0 అనే కనబడుతుంది. 'డేటా రావట్లేదు' అని కేబుల్ వెంట పడతారు. డేటా వస్తోంది, తలకిందులుగా వస్తోంది. అందుకే పరీక్షకు సున్నా వాడకండి, ఎలా తిప్పినా సున్నా సున్నానే. ఒక దశాంశ సంఖ్య, ఒక రుణ సంఖ్య, 32767 దాటిన ఒక పెద్ద సంఖ్య పెట్టి చూడండి. రుణ గుర్తు ఉండగల (సైన్డ్), ఉండలేని (అన్‌సైన్డ్) పూర్ణాంకాల గొడవ ఆ మూడోదాంట్లో బయటపడుతుంది.

ఆ తర్వాత కావాలనే చెడగొట్టండి. కేబుల్ పీకండి. ఒక పరికరం పవర్ ఆపండి. తిరిగి పెట్టినప్పుడు కార్డు తనంతట తాను కోలుకుంటోందా, లేక రీసెట్ కొట్టాలా? ఒక లెక్క చూడండి. లైను మీద పన్నెండు పరికరాలు, ఒక్కోదానికి 40 మిల్లీసెకన్లు అనుకుంటే చక్రం అర సెకనులో పూర్తవుతుంది. టైమ్‌అవుట్ 1 సెకను, మళ్లీ అడగడం మూడుసార్లు అని డీఫాల్ట్‌గా వదిలేశారనుకోండి. ఒక్క పరికరం చచ్చిపోతే దానికోసమే 4 సెకన్లు పోతాయి. మిగతా పదకొండింటి రీడింగులు నాలుగున్నర సెకన్లకోసారి వస్తాయి. చచ్చింది ఒకటి, నత్తనడక అందరిదీ.

6. గేట్‌వే పెడితే: 62.4 కథ

గేట్‌వే అంటే మధ్యలో కూర్చుని ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే పెట్టె. పాత పరికరాలను ముట్టుకోకుండా పని జరిగిపోతుంది కాబట్టి అందరికీ ఇష్టం. నాకూ ఇష్టమే, ఒక్క షరతుతో.

ఒకసారి ఒక ట్యాంకు లెవల్ ట్రాన్స్‌మిటర్‌ను సీరియల్ లైను నుంచి గేట్‌వే ద్వారా ఈథర్‌నెట్‌కు మార్చాం. పొద్దున పరీక్షలు, సంతకాలు అన్నీ అయిపోయాయి. ఆ రాత్రి షిఫ్ట్ ఆపరేటర్ లాగ్‌బుక్‌లో గంటగంటకూ రాశాడు: 62.4, 62.4, 62.4. 'ఇవాళ లెవల్ భలే స్టడీగా ఉంది' అని పక్కవాడితో అన్నాడట కూడా. తెల్లవారుజామున సెక్యూరిటీ గార్డు వచ్చి ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్లు పోతున్నాయని చెప్పాడు. సాయంత్రమే ట్రాన్స్‌మిటర్ వైపు ఒక వైరు టెర్మినల్‌లోంచి జారిపోయింది. గేట్‌వే మాత్రం తన దగ్గరున్న ఆఖరి విలువను అడిగినవాళ్లందరికీ మర్యాదగా ఇస్తూనే ఉంది. ఈథర్‌నెట్ వైపు నుంచి చూస్తే కమ్యూనికేషన్ నూటికి నూరు శాతం ఆరోగ్యంగా ఉంది. అవి నీళ్లు కాబట్టి సరిపోయింది. ఆ వైరు సరిగ్గా బిగించని చెయ్యి నాదే.

కాబట్టి గేట్‌వే కొన్నా, వాడినా మొదట వెతకాల్సిన సెట్టింగు ఇదే: అవతలి పరికరం పలకకపోతే ఏం చేస్తావు? ఆఖరి విలువ పట్టుకుని ఉండటం, సున్నా చూపడం, ఎర్రర్ పంపడం, ఈ మూడింటిలో వీలైతే ఎర్రర్ ఎంచుకోండి. మోడ్‌బస్‌లో దీనికోసమే ఎక్సెప్షన్ కోడ్ 11 ఉంది, గేట్‌వే అవతల ఉన్న పరికరం జవాబివ్వలేదని దాని అర్థం. గేట్‌వే ఇచ్చే స్టేటస్ బిట్లను ప్రోగ్రామ్‌లోకి తెచ్చి అలారం పెట్టండి. హార్ట్‌బీట్ (బతికున్నానని చెప్పే, మారుతూ ఉండే విలువ) పెడితే అది గేట్‌వేలో పుట్టకూడదు, అవతల ఉన్న అసలు పరికరంలో మారుతూ ఉండే ఏదో ఒక కౌంటర్ కావాలి. గేట్‌వే గుండె కొట్టుకుంటోందని ట్రాన్స్‌మిటర్ బతికున్నట్టు కాదు.

7. మార్చే రోజు

పర్మిట్, లాకౌట్ (పవర్ ఆపి తాళం వేయడం), కంట్రోల్ రూమ్‌కు సమాచారం, కంట్రోల్ లూపులు ఆటో నుంచి చేతి నియంత్రణలోకి, ఇవి మీ ప్లాంటు పద్ధతి ప్రకారం. పవర్ ఉండగా కార్డు లాగొచ్చని మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప లాగకండి. పాత రాకుల్లో చాలావాటికి ఆ సదుపాయం లేదు. మణికట్టుకి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకోండి.

వెనక్కి తగ్గే గడియ ముందే తేల్చుకోండి. రెండు గంటల షట్‌డౌన్ ఉంటే, గంటా పది నిమిషాలకు కొత్త కార్డు నడవకపోతే పాతది తిరిగి పెట్టేస్తామని షిఫ్ట్ ఇన్‌చార్జితో ముందే ఒప్పుకోండి. అప్పటికప్పుడు టెన్షన్‌లో ఉన్న మనిషి 'ఇంకో ఐదు నిమిషాలు' అంటూనే ఉంటాడు. ఇదే కారణంగా పాత కార్డులోంచి జంపర్లు గానీ, కనెక్టర్ గానీ పీకి కొత్తదానికి పెట్టకండి. పాతది తీసినట్టే తిరిగి పెట్టగలిగేలా పక్కన ఉండాలి.

ఈథర్‌నెట్ కార్డులకు రెండు ప్రత్యేక తలనొప్పులున్నాయి. పాత కార్డులు 10 మెగాబిట్ హాఫ్ డ్యూప్లెక్స్‌లో (ఒకసారికి ఒక వైపే డేటా వెళ్లే పద్ధతిలో) నడుస్తాయి. కొన్ని కొత్త స్విచ్ పోర్టులు 10కి దిగవు. దిగినా ఒకవైపు ఆటో, ఇంకోవైపు ఫిక్స్‌డ్ పెడితే డ్యూప్లెక్స్ పొంతన కుదరక లింకు లైటు వెలుగుతూనే డేటా తడబడుతుంది. రెండు వైపులా ఒకేలా పెట్టండి. రెండోది, పాత కార్డు ఐపీ అడ్రసే కొత్తదానికి ఇచ్చినా దాని మ్యాక్ అడ్రస్ (కార్డులోనే ఉండే హార్డ్‌వేర్ నంబరు) వేరు. స్కాడా కంప్యూటర్ (ప్లాంటును స్క్రీన్ మీద చూపేది) కాసేపు పాత మ్యాక్‌నే వెతుక్కుంటూ ఉండొచ్చు. ఏ ఐపీ ఏ మ్యాక్‌దో గుర్తుపెట్టుకునే ఏఆర్‌పీ పట్టిక క్లియర్ చేస్తే సరిపోతుంది. కార్డు చెడిందనుకుని మళ్లీ విప్పకండి.

నడిచాక లైటు పచ్చగా ఉందని పరికరాలు సర్దేయొద్దు. ప్రతి రీడింగును ఫీల్డ్‌లో ఉన్న మీటరుతో పోల్చండి, ఒకరు అక్కడ నిలబడి ఫోన్‌లో చదువుతుంటే ఇంకొకరు స్క్రీన్ మీద టిక్ పెట్టుకోవాలి. కార్డులోని ఎర్రర్ కౌంటర్లు సున్నా చేసి, మర్నాడు వచ్చి చూడండి. పెద్ద మోటార్లు స్టార్ట్ అయినప్పుడల్లా సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే షీల్డ్, ఎర్తింగ్ చూడాలి.

8. కొత్త కార్డు తెచ్చే కొత్త తలుపులు

పాత సీరియల్ కార్డుకు బయటి ప్రపంచంతో సంబంధం లేదు, దానికి వెబ్ పేజీ లేదు, పాస్‌వర్డూ లేదు. కొత్తదానికి చాలాసార్లు అన్నీ ఉంటాయి, ఆ పాస్‌వర్డ్ మాన్యువల్‌లోనే అచ్చేసి ఉంటుంది. ఈథర్‌నెట్ మీద నడిచే మోడ్‌బస్ టీసీపీ, 502 పోర్టు మీద ఎవరు అడిగినా జవాబిస్తుంది, నువ్వెవరని అడగదు.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్ విద్యుత్ పంపిణీ సంస్థల మీద జరిగిన సైబర్ దాడిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. దాడిచేసినవాళ్లు బ్రేకర్లు తెరిచి ఊరుకోలేదు. సబ్‌స్టేషన్లలోని సీరియల్ టు ఈథర్‌నెట్ కన్వర్టర్ల ఫర్మ్‌వేర్‌ను కూడా పాడుచేశారు. దాంతో దూరం నుంచి బ్రేకర్లు వేయడం కుదరక సిబ్బంది స్వయంగా సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో వేయాల్సి వచ్చింది. మీరు ఇప్పుడు ప్యానెల్‌లో పెడుతున్నది ఆ జాతి పెట్టెనే. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చండి. వాడని సర్వీసులు, ముఖ్యంగా ఎఫ్‌టీపీ, టెల్నెట్, వెబ్ పేజీ ఆపేయండి. ఆఫీసు నెట్‌వర్క్‌కూ దీనికీ మధ్య ఫైర్‌వాల్ పెట్టి, ఏయే ఐపీలు మాట్లాడొచ్చో మాత్రమే రాయండి. ఫర్మ్‌వేర్ ఫైలు, కాన్ఫిగరేషన్ ఫైలు నెట్‌వర్క్‌కు తగలని చోట ఒక కాపీ ఉంచండి.

చివరిగా కాగితం పని. సెట్టింగుల పట్టిక ప్రింటు తీసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి: వేగం, పారిటీ, అడ్రస్, రిజిస్టర్ల వరుస, మార్చిన తేదీ. పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయకండి, చూస్తూనే ఉంటాం అలాంటివి. పాత కార్డును యాంటీ స్టాటిక్ కవర్‌లో వేసి, ఏ ప్యానెల్, ఏ స్లాట్, తీసేటప్పుడు పనిచేస్తోందా లేదా అని పెద్ద అక్షరాలతో పైన రాయండి. చెడిపోయిన కార్డును ఏమీ రాయకుండా స్పేర్ల అరలో పెడితే, ఏదో అర్ధరాత్రి బ్రేక్‌డౌన్‌లో ఎవరో దాన్నే తీసి రాక్‌లోకి తోస్తారు.